ముక్కు చుక్కైతే తప్పా?

జపాను ఆనిమే బొమ్మలకు కళ్లు చేటలంత, ముక్కు చుక్కంత, నోరు గీతంత. "ఇదీ ఒక చిత్రలేఖనమేనా?" అని ఈసడించే పెద్దలు మనలో మెండు. పిల్లలు అటువంటి ముఖం గీస్తే "ముక్కు గీయడం రాదా?" అని గద్దించడమూ పరిపాటి. ఈ తీర్పు అన్యాయమని నా వాదం.

12వ శతాబ్దపు గెంజి కథాపటాలలోనే కంటికొక గీత, ముక్కుకొక కొక్కెం గీశారు. ఆ పద్ధతికి 'హికిమే కగిబన' అని పేరు. ఆ చిత్రకారులు మనుషుల ముక్కులు చూడలేదందామా? 1963 జనవరి 1న తెజుకా ఒసాము 'తెత్సువాన్ ఆతొము' టెలివిజనులో మొదలైంది. వారానికొక భాగం ఇవ్వాలి గనుక బొమ్మల సంఖ్య తగ్గించక తప్పలేదు. మూసిన నోరు, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది - ఈ మూడింటినీ మార్చి మార్చి మాట పలికించడం ఆనిమేలో వాడుకైంది. అదే జపానులో 1988 నాటి 'అకిరా'కు సంభాషణలు ముందే ధ్వనిముద్రణ చేసి, పెదవులను వాటికి తగినట్లు గీశారు. కనుక చేవ లేదనడం చెల్లదు.

అర్ధమాత్ర తగ్గితే వ్యాకర్తకు పుత్రోత్సవమంటారు. శబ్దంలో గుణమైన లాఘవం రేఖలో దోషమెట్లా అవుతుంది?

అయితే లాఘవం సులభమూ కాదు. ముఖం తిరిగిన వైపుకు చుక్క జరగాలి. పక్కనుంచి చూస్తే ఆ చుక్కే కొనదేరిన ముక్కు కావాలి. నోటిగీత కొన వెంట్రుకవాసి వంగితే చిరునవ్వు అలకగా మారుతుంది.

కాబట్టి పిల్లలను గద్దించకండి. ఆ చుక్క అక్కడే ఎందుకు పెట్టారో అడగండి. పాఠం అక్కడ మొదలవుతుంది.