మనుషుల్ని చదివే చదువు మనకు అక్కర్లేదా?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే సత్తెనపల్లిలో ఇంటింటా ఒకటే చర్చ. ఇంజనీరింగా, బీకాం కంప్యూటర్సా, బీఎస్సీయా? ఆ ఇంట్లో పిల్ల ‘డిగ్రీలో ఆంత్రోపాలజీ తీసుకుంటాను’ అందనుకోండి. తండ్రి మొదటి ప్రశ్న ‘అదేమిటి?’ రెండో ప్రశ్న ‘ఉద్యోగం వస్తుందా?’ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేవారు దొరకరు కాబట్టే రెండో ప్రశ్న అంతగా భయపెడుతుంది.

ఆంత్రోపాలజీ అంటే మానవశాస్త్రం. మనిషి పుట్టుక, శరీర నిర్మాణం, రక్తంలో తేడాలు, కులాలు, తెగలు, మేనరికాలు, గ్రామదేవతలు, కూలి రేట్లు అన్నీ దాని పరిధిలోవే. రాతియుగం కూడా దానిదే. నాగార్జునకొండ లోయ నీట మునగకముందు 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో రాతి పనిముట్లు దొరికాయని ఎందరికి గుర్తుంది? చరిత్ర విద్యార్థికి గ్రంథాలయం చాలు. ఈ విద్యార్థి మాత్రం ఊళ్లోకి వెళ్లాలి, జనంతో ఉండాలి, చూసింది చూసినట్లు రాసుకోవాలి.

అలా రాసుకోవడానికి పల్నాడు కంటే మంచి చోటు ఎక్కడుంది? నల్లమల అంచున చెంచులున్నారు. మాచర్ల, వెల్దుర్తి వైపు సుగాలీ తండాలున్నాయి. యానాదులు, ఎరుకలవారు ఊరి చివర కాలనీల్లో ఉన్నారు. ఇక మిరప కోతలు మొదలైతే కర్నూలు జిల్లా పల్లెల నుంచి పిల్లాపాపలతో ముఠాలు దిగుతాయి. ముఠాను కుదిర్చేదెవరు? బయానా ఎవరి చేతికి వెళుతుంది? చేలగట్టు మీద గుడారంలో ఉన్నన్నాళ్లు పిల్లల బడి ఏమవుతుంది? కల్లంలో కాయ ఎండిన దగ్గర నుంచి టిక్కీ గుంటూరు యార్డుకు చేరేదాకా ప్రతి పైసాకు మన దగ్గర లెక్క ఉంది. కోసిన మనిషి గురించి ఏం లెక్క ఉంది?

ఈ శాస్త్రం చేతులకు మసి అంటలేదని అనను. తెల్లదొరల కాలంలో థర్‌స్టన్ దక్షిణాది జనం తలలు, ముక్కులు కొలిచాడు. 1909లో కులాలు, తెగలపై ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవారి మీద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర పడింది. వారికోసం బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. దేశం మొత్తానికి ఆ చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరుకు అంటిన మచ్చ మాత్రం సినిమాల పుణ్యమా అని ఇంకా చెరగలేదు. ఎవరో వచ్చి కొలిచి రాసిన రాతల ఫలితం అది. ఆ కాలనీ పిల్లే కాలేజీలో ఈ శాస్త్రం చదివి, తన తాతల గురించి ఏం రాశారో చూసి, తప్పేదో ఒప్పేదో తేల్చి చెప్పే రోజు రావద్దా?

మంచి ఉదాహరణ కూడా మన గడ్డ మీదే ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ నేలకొరిగిన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశస్థుడు హైమన్‌డార్ఫ్‌ను కోరింది. ఆయన భార్యతో సహా ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో కాపురం పెట్టాడు. భూమి చేజారడమే అసలు రోగమని చెప్పాడు. గోండులకు పట్టాలు, గోండి భాషలో వాచకాలు, గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఆ కృషి ఫలితాలే. ఆయన భార్య 1987లో చనిపోతే ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టారు. ఒక పరిశోధకుడి కుటుంబానికి ఆ జనం ఇచ్చిన చోటు అది.

మరొకటి. ఎస్.సి. దూబే హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేటను పరిశీలించి 1955లో పుస్తకం వేశాడు. ఆ శామీర్‌పేట నేడు నగరంలో కలిసిపోతోంది. పాత ఊరు ఎలా ఉండేదో తెలియాలంటే ఆ పుస్తకమే దిక్కు. మన పొరుగున రాజధాని కోసం 2015లో 29 గ్రామాల భూములు సమీకరించారు. పొలం పోయిన చోట కౌలురైతు, పాలేరు, ఊరి చాకలి బతుకు ఎలా మారిందో ఇంటింటికీ తిరిగి రాయడానికి మన కాలేజీ పిల్లల కంటే తగినవారెవరు?

ఉద్యోగం మాటకొస్తే, ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. ఆంత్రోపలాజికల్ సర్వే, గిరిజన సంక్షేమ శాఖ, మ్యూజియాలు, స్వచ్ఛంద సంస్థలు. కొలువులు తక్కువే. ఈ డిగ్రీ ఒక్కదాన్నే నమ్ముకోమని ఏ తండ్రికీ సలహా ఇవ్వలేం. అయితే ఇంకో సంగతి చూడండి. 2017 సివిల్స్‌లో దేశానికే మొదటి ర్యాంకు తెచ్చుకున్న మన తెలుగువాడు దురిశెట్టి అనుదీప్ చదివింది ఇంజనీరింగ్. పరీక్షలో ఎంచుకున్న ఐచ్ఛికం మాత్రం ఆంత్రోపాలజీ. బీటెక్ అయ్యాక హైదరాబాద్, ఢిల్లీ కోచింగ్ సెంటర్లలో డబ్బు పోసి ఈ సబ్జెక్టు నేర్చుకునేవారు ఎందరో. అదే డిగ్రీలో దొరికితే పేదింటి పిల్లకు ఆ ఖర్చు తప్పుతుంది కదా! 2023లో కేంద్రం సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. పరీక్షలు చేసే యంత్రాలు కొనవచ్చు. ఏ తెగలో పెళ్లి సంబంధాలు ఎలా కలుపుకుంటారో తెలిసి, వారి భాషలో నచ్చచెప్పే మనిషిని ఎక్కడ కొంటారు?

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ శాఖ ఎప్పటినుంచో ఉంది. తిరుపతిలోనూ నేర్పారు. నాగార్జున విశ్వవిద్యాలయం కూడా ఆలోచించాలి. ఒక్కసారిగా పెద్ద శాఖ పెట్టమనడం లేదు. చరిత్రకో, జంతుశాస్త్రానికో జోడుగా తీసుకునేలా పల్నాడులో ఒకటి రెండు కాలేజీల్లో మొదలుపెట్టి, విశాఖ నుంచి అధ్యాపకులను రప్పిస్తే చాలు. గ్రామంలో నెల రోజుల పని తప్పనిసరి చేయాలి. రాసుకునేది తెలుగులోనే ఉండనివ్వాలి. ఆ నెల జనవరి తరువాత, కోతల రోజుల్లో పెడితేనే ప్రయోజనం. పరీక్షల షెడ్యూలు వేసేవారు ఆ సంగతి ముందే చూసుకోవాలి.