ఖాళీ వలలనూ కడిగారు

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు ఎవరు లేచి నిలబడతారో గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఉద్యోగం వచ్చినవారు, వీసా దొరికినవారు, పరీక్ష పాసైనవారు లేస్తారు. కృతజ్ఞతార్పణ కవరు పాస్టరుగారి చేతికిస్తారు. సంఘమంతా దేవునికి స్తోత్రం చెబుతుంది. మంచిదే, చెప్పవలసిందే. కానీ అదే పరీక్షకు వెళ్లి తప్పిన కుర్రాడు ఆ ఆదివారం చర్చికి రాడు. వచ్చినా వెనుక వరుసలో కూర్చుని, ఆశీర్వాదానికి ముందే చెప్పులు వేసుకుని వెళ్లిపోతాడు. అతని కోసం ఉపవాసముండి ప్రార్థించిన తల్లి మాత్రం అందరి ప్రశ్నలకూ జవాబు చెప్పుకోవడానికి మిగిలిపోతుంది.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో మిరప, పత్తి పండించే కుటుంబాల నుంచి ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్ అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సులు చేసే పిల్లలు చాలామందే ఉన్నారు. సీసీఎన్‌ఏ అయ్యాక సీసీఎన్‌పీ, ఆపైన సీసీఐఈ. సిస్కో కంపెనీ 1993లో మొదలుపెట్టిన ఈ చివరి మెట్టు గురించి తెలియని తల్లిదండ్రుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. ముందు రాత పరీక్ష ఒకటి పాసవ్వాలి. ఆ తర్వాత బెంగళూరు లాంటి చోట ఉన్న ల్యాబ్‌లో ఎనిమిది గంటలు కూర్చుని ఒక సంస్థకు కావలసిన నెట్‌వర్కును ఆలోచించి కట్టాలి, రౌటర్లనూ స్విచ్‌లనూ అడిగినట్టు పనిచేయించాలి, కావాలని పెట్టిన లోపాలను వెదికి సరిచేయాలి. 2001 వరకు ఈ ల్యాబ్ రెండు రోజులు జరిగేది. ఫీజు కొన్నేళ్లుగా 1,600 డాలర్లు, అంటే మన డబ్బులో లక్షా ముప్పై వేలు దాటుతుంది. కోచింగు, ప్రయాణం, బస దీనికి అదనం. మొదటిసారే పాసయ్యేవారు తక్కువని ఆ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. ఊళ్లో తెలియదు. ఫలానావారి అబ్బాయి బెంగళూరు వెళ్లి ఫెయిలై వచ్చాడన్నదే ఊళ్లో తెలుస్తుంది.

ఊరి మాటకన్నా లోతుగా గుచ్చుకునే మాట ఒక్కోసారి చర్చి ఆవరణలోనే వినపడుతుంది. విశ్వాసం చాలలేదేమో, దశమభాగం ఆపారేమో, ఏదైనా రహస్య పాపం ఉందేమో అంటారు. ఇది తప్పని తెలుసుకోవడానికి వేదాంత కళాశాలలో ఏళ్ల తరబడి చదవనక్కర్లేదు. యోబు గ్రంథం ఒక్కసారి చివరిదాకా చదివితే చాలు, ఇలా మాట్లాడిన స్నేహితులతో దేవుడు ఏమన్నాడో తెలుస్తుంది. ప్రార్థన మనసుకు నెమ్మదినిస్తుంది, చేతికి వణుకు తగ్గిస్తుంది. రౌటింగ్ ప్రోటోకాల్ మనం నేర్చుకోకపోతే దాన్ని మన బదులు కాన్ఫిగర్ చేసి పెట్టదు. అలా చేసిపెట్టాలని అడగడం దేవుణ్ణి పనివాడిగా చూడటమే.

మన రైతుకు ఈ తేడా బాగా తెలుసు. 2021-22 సీజన్‌లో ఆగ్నేయాసియా జాతి నల్ల తామర పురుగు మన మిరప చేల మీద పడినప్పుడు పూత పూతంతా రాలిపోయింది. అలవాటైన మందులు పనిచేయలేదు. చాలామంది తోటలు పీకేశారు. ఆ ఏడు రైతు తన చేలోని పువ్వును విప్పి చూశాడు, అందులో పురుగులు కనిపించాయి. ఎక్కడ పోయిందో అక్కడ చూశాడు. అప్పు మిగిలింది, దుఃఖం మిగిలింది, కానీ నేను రైతునే కాననుకుని కూర్చోలేదు. అదే రైతు కొడుకు ఒక్క ఫెయిల్ అన్న మాట చూసి తాను దేనికీ పనికిరానని తీర్మానించుకుంటాడు. చదువు పెరిగేకొద్దీ ఈ తెలివి ఎందుకు తగ్గుతుందో మాకు అంతుపట్టదు.

ఈ పరీక్షలో మాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. పాసైన వారికి పాస్ అన్న మాట తప్ప పెద్దగా వివరాలు రావు. తప్పినవారికి మాత్రం ఏ భాగంలో ఎంత శాతం చేశారో రిపోర్టు వస్తుంది. పువ్వు విప్పి చూసినట్టే దాన్ని చదవాలి. లోపం ఎక్కడున్నా, ఆలోచనలోనో, కట్టడంలోనో, సమయం సరిపెట్టుకోవడంలోనో, ఆ కాగితం కొంత చెబుతుంది. మనిషి విలువ గురించి అందులో ఒక్క గడి కూడా ఉండదు.

అయితే ఆ కాగితం మొదటి రోజే చదవనక్కర్లేదు. ఏలీయా కథలో దేవుడు ఎంత నెమ్మదిగా వ్యవహరించాడో చూడండి. కర్మెలు మీద అంత గెలిచినవాడు యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, బదరీ వృక్షం కింద కూర్చుని ఇక బతకలేనన్నాడు. దూత వచ్చి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాతో నీళ్లు పెట్టాడు. ఏలీయా తిని మళ్లీ నిద్రపోయాడు. దూత రెండోసారి కూడా తినడానికే లేపాడు. నువ్వు ఇక్కడేం చేస్తున్నావని దేవుడు అడిగింది నలభై రోజుల తర్వాత, హోరేబు కొండ మీద. అప్పుడు కూడా తానొక్కడినే మిగిలానని ఏలీయా వాదిస్తే, ఇంకా ఏడు వేలమంది ఉన్నారని చెప్పి, చేయవలసిన పని అప్పగించి పంపాడు. బెంగళూరు నుంచి రాత్రి బస్సులో దిగివచ్చిన బిడ్డకు ఆ పూట కావలసింది వేడి అన్నం, నిద్ర. ఎంత ఖర్చయిందన్న లెక్క రెండు రోజులాగి అడిగినా ఏమీ పోదు. ఆ బిడ్డ అన్నం ముట్టకపోయినా, నిద్రపోకపోయినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి అన్నా ఒంటరిగా వదలకండి. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరకూ తీసుకువెళ్లండి. 14416 నంబరుకు ఏ వేళ ఫోన్ చేసినా టెలి మానస్ సహాయం ఉచితంగా, తెలుగులోనే దొరుకుతుంది. మందు వాడటం అవిశ్వాసం కాదు.

లూకా సువార్త అయిదో అధ్యాయంలో మనం తొందరపడి దాటిపోయే ఒక చిన్న వివరం ఉంది. రాత్రంతా ఒక్క చేపా పడని జాలరులు తెల్లవారాక ఒడ్డున వలలు కడుక్కుంటున్నారు. వాడరేవులోనో కొత్తపట్నంలోనో చూసినవారికి తెలుసు, వేటకెళ్లి వచ్చాక వల సంగతి చూసుకోక తప్పదు. ఆ రోజుల్లో నార వలలు, నాచూ బురదా పట్టి వదిలేస్తే కుళ్లిపోయేవి. చేపలు పడ్డాయా లేదా అన్నదానితో సంబంధం లేకుండా కడిగి ఆరబెట్టాలి. సీమోను ఇంకో పని కూడా చేశాడు. ఏమీ పడలేదన్న సంగతిని జనమంతా ఒడ్డున ఉండగానే యేసుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ తర్వాత వలలు పిగిలేంతగా చేపలు పడిన సంగతే మన ప్రసంగాల్లో ఎక్కువగా వినపడుతుంది. ఆ నిండిన పడవలను కూడా వాళ్లు అదే రోజు ఒడ్డున వదిలి వెళ్లిపోయారన్నది తక్కువగా వినపడుతుంది.

కాబట్టి తప్పిన రోజే ఇంట్లో చెప్పెయ్యాలి. రిజల్ట్ ఇంకా రాలేదని నెలల తరబడి దాచిన పిల్లలు పరీక్షకన్నా ఆ అబద్ధం మోయలేక కుంగిపోవడం కాపరులుగా మేము చూస్తున్నాం. రెండోసారి వెళ్లేటప్పుడు బయటికి పొక్కిన ప్రశ్నలను డంప్స్ పేరుతో అమ్మేవారు ఎదురవుతారు. పట్టుబడితే సర్టిఫికెట్టు రద్దవుతుంది, మళ్లీ పరీక్షకు రానివ్వకపోవచ్చు. పట్టుబడకపోతే ఇంకా కష్టం. అర్ధరాత్రి ఒక ఆసుపత్రి నెట్‌వర్కు ఆగిపోతే, కంఠతా పట్టిన జవాబు దాన్ని లేపదు. అలాంటి పాసుకు కృతజ్ఞతార్పణ తెస్తే పాస్టర్లు ఆ కవరు తిరిగివ్వడమే మంచిది.

మళ్లీ వెళ్లాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. దేవుడు తప్పక పాస్ చేయిస్తాడని ఎవరైనా ప్రవచిస్తే నమ్మి మూడు రూపాయల వడ్డీకి మరో లక్ష తేవద్దు. సీసీఎన్‌పీతో దొరికే ఉద్యోగంలో చేరి, జీతంలోంచి ఫీజు కూడబెట్టుకుని రెండేళ్ల తర్వాత వెళ్లినా తప్పులేదు. అసలు వెళ్లకపోయినా అది ఓటమి కాదు. తండ్రీకొడుకులు కలిసి ఒక కాగితం ముందు కూర్చోవాలి. ఖర్చయినదెంత, వడ్డీ ఎంత, రిపోర్టులో తగ్గిన భాగాలకు ఎన్ని నెలల సాధన కావాలి, అన్నాళ్లూ ఇల్లు గడిచేదెలా అని రాసుకోవాలి. కంప్యూటరు సంగతి నాకేం తెలుసని తండ్రి అనొచ్చు. కానీ మళ్లీ మిరపే వేయాలా, ఈ ఏడు కందికో మొక్కజొన్నకో మారాలా అని ఆయన ఏటా తొలకరికి వేసుకునే లెక్కే ఇది.