నాబోతు తోట ధర ఎంత?

అహాబు రాజు నాబోతు దగ్గరకు మొదట వచ్చింది కత్తితో కాదు, బేరంతో. నీ ద్రాక్షతోట నా నగరును ఆనుకొని ఉంది, దానికి బదులు అంతకన్నా మంచి తోట ఇస్తాను, అక్కర్లేదంటే రొక్కం ఇస్తానన్నాడు. లోకరీతిగా చూస్తే అందులో అన్యాయమేమీ కనిపించదు. నాబోతుకు మాత్రం అది పితరుల స్వాస్థ్యం. అమ్మనన్నాడు. ఆ తర్వాతి హత్య, ఏలీయా తీర్పు మనకు బాగా గుర్తుంటాయి. మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయం ఆరంభంలో ఉన్న ఆ బేరం గురించి మాత్రం మనం పెద్దగా ఆలోచించం. ఈ కాలంలో పేదల తోటలు ఎక్కువగా చేతులు మారుతున్నది ఇలాంటి బేరాలతోనే. అమెరికా రాజధాని వాషింగ్టన్ నడిబొడ్డున ఉన్న ‘షా’ అనే వాడ కథ చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది.

నగరం మధ్యలోని పేదల వాడకు డబ్బున్నవారు వచ్చి స్థిరపడతారు. అద్దెలు, ఇంటి పన్నులు, సరుకుల ధరలు పెరుగుతాయి. తరతరాలుగా అక్కడ బతికినవారు ఆ ఖర్చు భరించలేక ఒక్కొక్కరుగా తరలిపోతారు. దీనికి జెంట్రిఫికేషన్ అని పేరు. 1964లో రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త లండన్ నగరం గురించి రాస్తూ ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. అమెరికాలో ఇది కేవలం పేద, ధనిక సమస్య కాదు. ఇందులో జాతి చరిత్ర కూడా ఉంది.

షా వాడ పుట్టుకే ఒక నిర్గమకాండం. 1860ల్లో అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు బానిసత్వం నుంచి తప్పించుకొని వచ్చినవారు వాషింగ్టన్ అంచున శిబిరాలు వేసుకున్నారు. ఆ శిబిరాల చుట్టూ ఈ ప్రాంతం పెరిగింది. 1867లో హోవర్డ్ విశ్వవిద్యాలయం పక్కనే వెలిసింది. బానిసగా పుట్టి విడుదల పొందిన ఆంథొనీ బోవెన్ 1853లో స్థాపించిన వై.ఎం.సి.ఎ. నల్లజాతివారి మొట్టమొదటి వై.ఎం.సి.ఎ. దానికి 1912లో ఇక్కడే సొంత భవనం వచ్చింది. 1910లో హోవర్డ్ థియేటర్ తెరుచుకుంది. సంగీతకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ పెరిగింది ఈ వీధుల్లోనే. తెల్లవారి హోటళ్ళు, దుకాణాలు, బ్యాంకులు తమను రానివ్వకపోతే వీరు తమవి తాము కట్టుకున్నారు. ప్రతి నాలుగు వీధులకూ ఒక మందిరం లేచింది. నల్లజాతివారికి ఈ ఇల్లు అమ్మరాదని రిజిస్ట్రేషన్ కాగితాల్లో రాసుకునే రోజులవి. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది 1948లో.

ఆ తీర్పు వచ్చిన కొద్ది ఏళ్ళకే అదే నగరంలో మరో దెబ్బ పడింది. నైరుతి వాషింగ్టన్‌లో మురికివాడల నిర్మూలన పేరుతో ప్రభుత్వం దాదాపు మొత్తం ప్రాంతాన్ని నేలమట్టం చేసింది. బెర్మన్ వర్సెస్ పార్కర్ కేసులో 1954లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అక్కడి నుంచి సుమారు 23,000 మంది చెదిరిపోయారు. వారిలో అత్యధికులు నల్లజాతివారే. ఇళ్ళతోపాటు దుకాణాలు, మందిరాలు కూడా కూలిపోయాయి. అక్కడ కొత్తగా లేచిన భవనాల్లో పాతవారికి చోటు దొరికింది చాలా తక్కువ.

తర్వాతి వంతు తమదేనని షా వాసులకు తెలిసిపోయింది. అప్పుడు ముందుకొచ్చినవారు అక్కడి సంఘకాపరులు. న్యూ బెతెల్ బాప్టిస్టు సంఘకాపరి వాల్టర్ ఫాంట్రాయ్ ఆ వాడలోనే పుట్టి పెరిగినవారు, మార్టిన్ లూథర్ కింగ్‌కు సన్నిహిత సహచరుడు. 1966లో ఆయన నాయకత్వంలో సంఘాలు, స్థానికులు కలిసి ఒక సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. వాడను బాగుచేయండి, అయితే ఏం కట్టాలో ఇక్కడివారే నిర్ణయిస్తారు, కట్టిన ఇళ్ళలో మొదటి హక్కు ఇక్కడివారిదే అన్నది వారి పట్టు. 1967 మార్చిలో కింగ్ స్వయంగా షాకు వచ్చి ఊరేగింపులో నడిచి, సభలో మాట్లాడారు. నైరుతి ప్రాంతంలాగా షా వాడ బుల్డోజర్ల పాలు కాకపోవడంలో ఈ ఉద్యమానికి పెద్ద పాత్ర ఉంది.

1968 ఏప్రిల్ 4న కింగ్ హత్యకు గురయ్యారు. ఆ రాత్రి మొదలైన అల్లర్లలో ఈ వాడలోని ప్రధాన వీధులు తగలబడిపోయాయి. వ్యాపారులు వెళ్ళిపోయారు. అప్పు ఇచ్చే బ్యాంకు లేదు. ఆ బూడిద మధ్య రెండు సంఘాలు చేసిన పని మనం గమనించదగ్గది. షాలోని లింకన్ టెంపుల్ అనే నల్లజాతి సంఘం, మేరీలాండ్ శివారులో ఎక్కువగా తెల్లవారే ఉండే వెస్ట్‌మోర్లాండ్ సంఘం చేతులు కలిపాయి. లాభాపేక్ష లేని సంస్థను నెలకొల్పి, ప్రభుత్వ సహాయంతో పేద కుటుంబాలకోసం లింకన్ వెస్ట్‌మోర్లాండ్ అనే అపార్ట్‌మెంట్ భవనాన్ని 1970ల తొలినాళ్ళలో కట్టించాయి. ఆ దశాబ్దంలోనే ఫస్ట్ రైజింగ్ మౌంట్ జాయన్ బాప్టిస్టు సంఘం గిబ్సన్ ప్లాజా అనే నివాస భవనాన్ని నిర్మించింది. అప్పట్లో ఆ స్థలాలకు గిరాకీ లేదు. అందరూ వదిలేసిన చోట సంఘాలు ఇళ్ళు కట్టాయి.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు వాడను ఎవరూ పట్టించుకోలేదు. మాదకద్రవ్యాలు, హత్యలు పెరిగాయి. ఇల్లు కొనుక్కోగల స్తోమత ఉన్న నల్లజాతి కుటుంబాలు చాలావరకు మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీకి వెళ్ళిపోయాయి. వారు ఆదివారం మాత్రం కార్లలో పాత మందిరానికి వచ్చేవారు. 1991లో షాలో మెట్రో రైలు స్టేషన్లు తెరుచుకున్నాయి. 2003లో వాడ అంచున పెద్ద కన్వెన్షన్ సెంటర్ వచ్చింది. కార్యాలయాలకు పది నిమిషాల దూరంలో ఉన్న పాత ఇటుక ఇళ్ళమీద ఒక్కసారిగా అందరి కన్ను పడింది.

వాషింగ్టన్ జనాభాలో నల్లజాతివారు 1970లో సుమారు 71 శాతం. 2020 జనగణన నాటికి 41 శాతమే. ఇందులో కొందరు తమంతట తాము వెళ్ళినవారూ ఉన్నారు. నేషనల్ కమ్యూనిటీ రీఇన్వెస్ట్‌మెంట్ కోయిలిషన్ 2019లో వెలువరించిన అధ్యయనం ప్రకారం మాత్రం 2000, 2013 మధ్య జెంట్రిఫికేషన్ కారణంగా ఈ నగరంలో 20,000 మందికి పైగా నల్లజాతివారు తమ వాడలను విడిచిపోవలసి వచ్చింది. నైరుతి వాషింగ్టన్‌లో బుల్డోజర్లు చెదరగొట్టినవారి సంఖ్యకు ఇది దగ్గర దగ్గరగా ఉంది. ఈసారి ప్రభుత్వం ఎవరినీ గెంటలేదు, కోర్టు తీర్పు అవసరం కాలేదు. అద్దె పెరిగింది, అంతే.

ఇష్టముంటే అమ్ముతారు, లేకపోతే మానేస్తారు, ఇందులో బలవంతం ఏముంది అని ఎవరైనా అడగవచ్చు. మొదటి సంగతి, అద్దెకున్నవారికి అమ్మడానికేమీ ఉండదు. ఇల్లు అమ్మినవారికి డబ్బు వస్తుంది, అద్దెకున్నవారికి ఖాళీ చేయమని నోటీసు వస్తుంది. రెండో సంగతి, కొనడానికి వచ్చేవారి బలం ఒకేలా లేదు. వాషింగ్టన్ ప్రాంతంలో తెల్లవారి కుటుంబం మధ్యస్థ (మీడియన్) సంపద నల్లజాతి కుటుంబం మధ్యస్థ సంపదకు 81 రెట్లు ఉందని అర్బన్ ఇన్‌స్టిట్యూట్ 2016లో తెలిపింది. ఒకరిది 2,84,000 డాలర్లు, మరొకరిది 3,500 డాలర్లు. ఇల్లు కొననివ్వని షరతులు, అప్పు ఇవ్వని బ్యాంకులు మూడు తరాలపాటు పనిచేస్తే వచ్చిన తేడా ఇది. ఆ తేడాను అలాగే ఉంచి ఇద్దరినీ ఒకే వేలంపాటలో నిలబెట్టి, ఎవరు ఎక్కువ పాడితే వారిదే అంటే, అది చూడడానికి న్యాయంగా ఉంటుంది. ఫలితం మాత్రం ముందే తెలిసిపోతుంది.

వాడ మారితే అలవాట్ల మీద కూడా తగువులు వస్తాయి. దశాబ్దాలుగా ఆదివారం ఉదయం మందిరాల ముందు కార్లను రెండు వరుసల్లో ఆపుకోవడం అక్కడి వాడుక. కొత్తగా వచ్చినవారు ఫిర్యాదు చేయడంతో 2006లో నగరపాలక సంస్థ జరిమానాలకు సిద్ధపడింది. 2015లో సైకిళ్ళ దారి వేస్తామంటే ఒక సంఘం తమ ఆరాధన స్వేచ్ఛకు భంగమని లేఖ రాసింది. 2019లో ఒక ఫోన్ల దుకాణం ముందు ఏళ్ళ తరబడి వినిపిస్తున్న గో-గో సంగీతం, కొత్త అపార్ట్‌మెంట్‌వాసి అభ్యంతరం వల్ల ఆగిపోయింది. వేలాది మంది వీధుల్లోకి వచ్చి ఆడి పాడితే తిరిగి మోగింది. మరుసటి ఏడాది గో-గోను నగరపు అధికారిక సంగీతంగా చట్టం చేశారు. ఎదురుగా ఇల్లున్న మనిషి తన కారు బయటికి తీయలేకపోతే కోపం రావడం సహజమే. కానీ నిన్నటిదాకా వాడుకగా ఉన్నది ఈ రోజు నేరమయితే, ఈ ఊరు ఇక మనది కాదు అన్న సంగతి పాతవారికి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

మార్పు అంతా చెడు అనడం కూడా సత్యం కాదు. తుపాకుల మోత తగ్గింది. పాడుబడ్డ ఇళ్ళలో దీపాలు వెలిగాయి. మంచి కూరగాయలు దొరికే దుకాణాలు వచ్చాయి. సొంత ఇల్లున్న కొందరు వృద్ధులు మంచి ధరకు అమ్ముకొని సుఖంగా బతుకుతున్నారు. పాతవారు నలభై ఏళ్ళు అడిగినవి ఇవే. అవి వచ్చేసరికి అడిగినవారిలో చాలామంది అక్కడ లేకపోవడమే బాధాకరం. యెషయా ప్రవక్త ఐదవ అధ్యాయంలో ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుంటూపోయి చివరికి దేశంలో తామే మిగిలేవారిని చూసి శోకిస్తాడు. అక్కడ ఆయన గద్దించింది ఇల్లు కట్టడాన్ని కాదు, పక్కవాడికి చోటు మిగల్చకపోవడాన్ని.

లింకన్ టెంపుల్ సంఘం 2018లో చివరి ఆరాధన జరుపుకొని మూతపడింది. సభ్యులు దూరమై, వృద్ధులై, చివరికి కొద్దిమందే మిగిలారు. మందిరం మూతపడటం ఏ సంఘానికైనా దుఃఖమే. అయితే ఆ సంఘం వెస్ట్‌మోర్లాండ్ వారితో కలిసి కట్టించిన భవనం మెట్రో స్టేషన్ పక్కనే నిలిచి ఉంది. చుట్టూ అద్దెలు ఆకాశాన్నంటుతుంటే, తక్కువ రాబడి ఉన్న కుటుంబాలు అక్కడ కాపురముంటున్నాయి. గిబ్సన్ ప్లాజా కూడా అలాగే నిలిచింది. షాలో నేటికీ పేదలు మిగిలి ఉన్నారంటే, మార్కెట్ వారిని కనికరించడం వల్ల కాదు. యాభై ఏళ్ళ కిందట కొన్ని సంఘాలు స్థలాన్ని, భవనాన్ని బేరానికి అందకుండా పక్కన పెట్టడంవల్లే. పాటలు ఆగిపోయిన తర్వాత కూడా ఆ సంఘపు పరిచర్య ఆగలేదు.

ఇదే పరీక్ష అట్లాంటాలో మరో సంఘానికి ఎదురైంది. 1862లో మొదలైన ఫ్రెండ్‌షిప్ బాప్టిస్టు సంఘం మందిరం కొత్త ఫుట్‌బాల్ స్టేడియానికి అడ్డొచ్చింది. 1881లో నల్లజాతి స్త్రీల విద్యకు పేరుగాంచిన స్పెల్మన్ కళాశాల ప్రారంభమైంది ఈ సంఘం నేలమాళిగలోనే. 2013లో సంఘం తన స్థలాన్ని 1 కోటీ 95 లక్షల డాలర్లకు అమ్మడానికి ఒప్పుకుంది. మరుసటి ఏడాది పాత మందిరం కూల్చేశారు. 2017లో దగ్గరలోనే కొత్త మందిరం లేచింది. వారిని తప్పుపట్టడం మన పని కాదు. ఊరు విడిచిపోకుండా అక్కడే ఉండాలని నిర్ణయించుకున్నారు, అది మంచిదే. అయితే అమెరికా నగరాల్లోని ప్రతి పాత నల్లజాతి సంఘం ముందూ ఈ ప్రశ్న నిలబడి ఉంది. బిల్డర్ చెక్కు తెచ్చినప్పుడు సంఘం తన స్థలాన్ని ఆస్తిగా లెక్కిస్తుందా, స్వాస్థ్యంగా చూస్తుందా?

చట్టాలు కూడా తోడ్పడాలి. ఇంటి యజమాని భవనాన్ని అమ్మేటప్పుడు అద్దెదారులకే ముందు కొనే అవకాశమివ్వాలని వాషింగ్టన్ 1980లో చట్టం చేసింది. దాని ఆసరాతో చాలా కుటుంబాలు తమ ఇళ్ళు నిలుపుకున్నాయి. తర్వాతి కాలంలో దానికి మినహాయింపులు పెరుగుతూ వచ్చాయి. మరోవైపు కాలిఫోర్నియా రాష్ట్రం 2023లో చేసిన చట్టం మందిరాల స్థలాల్లో పేదల ఇళ్ళు కట్టడాన్ని సులువు చేసింది. నెహెమ్యా కాలంలో పొలాలు, ఇళ్ళు తాకట్టు పెట్టి దిక్కుతోచక మొరపెట్టిన ప్రజలకు ఆయన ఓదార్పు మాటలు చెప్పి పంపలేదు. పెద్దలను సభకు పిలిచి, తీసుకున్నవి తిరిగి ఇప్పించాడు. విశ్వాసం, చట్టం కలిసి నడిచిన సందర్భమది.

వాషింగ్టన్ చుట్టూ వర్జీనియా, మేరీలాండ్‌లలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మంచి ఉద్యోగం, మంచి జీతం ఉండి, మెట్రో పక్కన ఇల్లు వెతుక్కునే మన పిల్లలు కూడా ఇలాంటి వాడలకు కొత్తగా వచ్చినవారిలో ఉంటారు. అలా వెళ్ళడం పాపమని ఎవరూ అనలేరు. యిర్మీయా 29వ అధ్యాయంలో దేవుడు చెరపట్టబడినవారికి సైతం మీరు చేరిన పట్టణపు క్షేమాన్ని వెతకండని ఆజ్ఞాపించాడు. పట్టణపు క్షేమమంటే మనం కొన్న ఇంటి ధర పెరగడం ఒక్కటే కాదు. పక్కింటి ముసలమ్మ వచ్చే ఏడాది కూడా ఆ ఇంట్లోనే ఉండగలగడం. ఎదురుగా ఉన్న పాత మందిరం ఎవరు కట్టారో, వారు ఎక్కడి నుంచి నడిచి వచ్చారో తెలుసుకోవడం. తక్కువ ధర ఇళ్ళకోసం సభ జరిగితే వద్దని కాక, కావాలని చెయ్యెత్తడం.

భూమి నాది, మీరు నా దగ్గర అతిథులు అన్న భావాన్ని లేవీయకాండం 25వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయులకు నేర్పించాడు. చేజారిన స్వాస్థ్యం సునాద సంవత్సరంలో సొంతదారుకు తిరిగి చేరేది. ఈనాటి నగరాల్లో ఆ బూర ఊదేవారు లేరు. అందుకే ఇల్లు పోయాక తిరిగి ఇప్పించే రోజు కోసం ఎదురుచూడటం కన్నా, పోకముందే నిలబెట్టుకోవడం ముఖ్యం. లింకన్ టెంపుల్, వెస్ట్‌మోర్లాండ్ సంఘాలు కాలిపోయిన వీధిలో, ఎవరికీ అక్కర్లేని స్థలంలో ఆ పని చేసి చూపించాయి. ఒక సంఘం ఎంత పెద్ద మందిరం కట్టిందో కొన్నేళ్ళకు జనం మరచిపోతారు. దాని నీడన ఎన్ని కుటుంబాలు ఊరు విడవకుండా బతికాయో ఆ కుటుంబాల పిల్లలు మరచిపోరు, దేవుడూ మరచిపోడు.