కార్డు ఆగొచ్చు, క్యాసెట్లు ఆగవు



పోయిన కార్యవర్గ సమావేశంలో సగం సేపు ఒక్క విషయం మీదే గడిచింది. మన ఆఫీసు గదిలోని పాత కంప్యూటర్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించాలా, వద్దా? కుర్రాళ్ళు వేయించాల్సిందే అన్నారు. పెద్దలు "ఆ ముసలి డబ్బాకి ఇప్పుడు నగలెందుకు?" అన్నారు. కోశాధికారి గారు ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ గది తాళంచెవి మా ముగ్గురి దగ్గర ఉంటుంది కాబట్టి మేము అనుకుంటున్నది ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ కంప్యూటర్ సంగతి. 2015లో చందాలు వేసుకుని కొన్నాం. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, జీటీ 730 కార్డు. కొన్న ఏడాదే డిసెంబరు వరదలు. మోకాళ్ళ లోతు నీళ్ళలో దాన్ని నెత్తిన పెట్టుకుని మేడ మీదికి చేర్చినవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. కాబట్టి "పారేయండి" అన్న మాట కొందరికి గుచ్చుకుందంటే అర్థం చేసుకోవాలి. అయితే గుచ్చుకోవడం వేరు, లెక్క వేరు.

కుర్రాళ్ళ వాదనలో న్యాయం ఉంది. ఉగాది వీడియో ఎడిటింగ్‌కి రాత్రంతా మేలుకున్నది వాళ్ళే. ఇప్పటి ఫోన్లు చాలావరకు వీడియోని హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించి దాస్తున్నాయి. ఆ ముడి విప్పడం జీటీ 730కి చేతకాదు. భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది, బొమ్మ కుంటుతుంది. పైగా ఆ తరం కార్డులకి ఎన్విడియా 2021లో కొత్త డ్రైవర్లు ఆపేసింది, 2024లో భద్రతా సవరణలు కూడా ఆపేసింది. అంటే "ఉన్నది బాగానే ఉందిగా" అన్న పెద్దల మాట పూర్తిగా నిజం కాదు.

మరి కార్డు మారిస్తే సరిపోతుందా? మాటలతో తేలే విషయం కాదని ఒక ఆదివారం కూర్చుని చూశాం. ఉగాది వీడియోనే మళ్ళీ తెరిచి, పక్కన టాస్క్ మేనేజర్ పెట్టుకున్నాం. ఫైలు తెరిచినప్పుడు, క్లిప్పులు ముందుకీ వెనక్కీ జరిపినప్పుడు హార్డ్ డిస్క్ నూటికి నూరు చూపించింది. ర్యామ్ నిండిపోయి డిస్కునే అప్పు అడుగుతోంది. తయారైన వీడియోని బయటికి తీసేటప్పుడు ప్రాసెసర్ నూరుకి చేరింది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం చాలాసేపు ఖాళీగా కూర్చుంది. మన పెళ్ళి భోజనాల భాషలో చెప్పాలంటే, పొయ్యి ఒక్కటే ఉన్నప్పుడు వడ్డనకి పదిమందిని పెట్టి లాభం లేదు. అన్నం ఉడకాలి కదా!

ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు. మీ ఇంట్లో పిల్లలు కార్డు కావాలని మారాం చేసినా ముందు ఇదే చేయించండి. ఆట ఆడేటప్పుడు కార్డు నిండుగా పనిచేస్తూ మిగతావి తీరిగ్గా ఉంటే పిల్లల మాట నిజం. డిస్కో, ర్యామో, ప్రాసెసరో రొప్పుతుంటే కార్డు మీద పెట్టిన డబ్బు వృథా.

కార్డే కొనాల్సివస్తే ఏది అన్నదీ ఆలోచించాం. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ రకం సుమారు 70 వాట్లతో నడుస్తుంది. చాలా మోడళ్ళకి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. పాత ఎస్‌ఎంపీఎస్ ఉన్నవాళ్ళకి అది పెద్ద ఊరట. అయినా పదేళ్ళు మన చెన్నై ఉప్పుగాలి తిన్న ఎస్‌ఎంపీఎస్‌ని, ఎండాకాలం కరెంటు ఒడిదుడుకుల్ని నమ్ముకుని కొత్త కార్డు పెట్టడం ధైర్యమే. కొన్ని పాత మదర్‌బోర్డుల బయోస్ కొత్త కార్డుని గుర్తుపట్టకుండా మొండికేయడం కూడా ఉంది.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు ఎనిమిదో తరం నుంచి మొదలు. మనది నాలుగు. కార్డు ఎంత కొత్తదైనా ఆ గీత దాటించలేదు.

"రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ కార్డు సగం ధరకి దొరుకుతుంది" అని ఒకరన్నారు. దొరుకుతుంది, కాదనం. మౌంట్ రోడ్డు పక్కన ఆ సందుల్లో దొరకని వస్తువు లేదు. కానీ 2022 సెప్టెంబరులో ఇథీరియం నాణేల తయారీకి గ్రాఫిక్స్ కార్డుల అవసరం తీరిపోయాక, రాత్రీ పగలూ ఆ పనిలో కాగిన కార్డులు ప్రపంచమంతా పాత సామాన్ల బజారులోకి దిగాయి. పైకి తుడిచి పెడితే ఏది ఎంత కాగిందో మనకి తెలియదు. చందా డబ్బుతో అలాంటి పందెం వేయకూడదని మా అభిప్రాయం. ఎవరి సొంత డబ్బుతో వాళ్ళు వేసుకుంటే అది వాళ్ళిష్టం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

గదిలో బీరువా కింది అరలో మన పాత కార్యక్రమాల వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఉన్నాయి. నాటకాలు, పద్య పఠనాలు, ఈ ఊరికి ఎలా వచ్చామో చెప్పిన పెద్దల మాటలు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తామని మేము మాటిచ్చి చాలాకాలమైంది. అడిగిన ప్రతిసారీ "సిస్టమ్ స్లోగా ఉందండీ, కొత్త కార్డు వచ్చాక" అన్నాం. మొన్న ఒక సభ్యురాలు ఫోన్ చేశారు. వాళ్ళ నాన్నగారు పోయి సంవత్సరీకం దగ్గరపడింది. ఆయన గొంతు ఒక క్యాసెట్‌లో ఉంది, వినిపిస్తారా అని అడిగారు. క్యాసెట్ తీసి చూస్తే టేపు అంచున తెల్లగా బూజు.

నిజం ఏమిటంటే ఆ పనికి కొత్త కార్డు అవసరమే లేదు. వీహెచ్‌ఎస్ బొమ్మ మన పాల్ పద్ధతిలో 576 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం ఒకటి ఉంటే మన ముసలి డబ్బా ఈరోజే ఆ పని చేయగలదు. అరుదైన వస్తువు గ్రాఫిక్స్ కార్డు కాదు, పనిచేసే వీసీఆర్. జపాన్‌లో చివరిదాకా వాటిని తయారుచేసిన ఫునాయ్ కంపెనీ 2016 జులైలోనే ఆపేసింది. కార్డులు వచ్చే ఏడాది ఇంకా మంచివి వస్తాయి. వీసీఆర్లు రావు. ఆ గొంతులు అసలే రావు.

ఈ ఊళ్ళో అచ్చయిన తెలుగుకి ఎలాగో ఆయుష్షు దొరికింది. 1914లో ఇక్కడికి వచ్చి దినపత్రికైన ఆంధ్రపత్రికనీ, 1947 జులైలో ఇక్కడే పుట్టిన చందమామనీ ఎవరో ఒకరు బైండు చేయించి దాచారు. మన ఇళ్ళల్లో, మన హాల్లో నోటితో చెప్పుకున్న తెలుగుకి ఆ క్యాసెట్లే దిక్కు. మనం కాక ఇంకెవరూ వాటిని దాచరు.

అందుకని మా ప్రతిపాదన ఇది. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు వద్దు. ఒక ఎస్‌ఎస్‌డీ, ఇంకో 8 జీబీ పాత రకం డీడీఆర్3 ర్యామ్, లోపలి దుమ్ము దులపడం, వీటితో సరిపెడదాం. అంతా కలిపినా కార్డు ధరలో కొంత భాగమే. విండోస్ పాతబడింది కాబట్టి ఆ కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి కలపకుండా క్యాసెట్ల పనికే ఉంచుదాం. బూజు పట్టిన వాటిని మనం వీసీఆర్‌లో పెట్టొద్దు, హెడ్డు పాడై మిగతా టేపులకీ అంటుకుంటుంది. వాటిని తెలిసినవాళ్ళతో శుభ్రం చేయించాకే ఎక్కిద్దాం. ఎక్కించిన ప్రతిదీ రెండు డిస్కుల్లో, రెండు వేరు ఇళ్ళల్లో ఉండాలి.

కుర్రాళ్ళని ఉత్త చేతులతో పంపడం కూడా అన్యాయం. మిగిలిన డబ్బు కొత్త కంప్యూటర్ నిధిగా విడిగా ఉంచి, ఏ కార్డు కావాలో అప్పుడు వాళ్ళే తేల్చాలి. అప్పటిదాకా ఫోన్ కెమెరా సెట్టింగుల్లో హెచ్‌ఈవీసీ తీసేసి హెచ్.264లో తీయండి. ఎడిటింగ్‌లో ప్రాక్సీ, అంటే చిన్న సైజు నకళ్ళు వాడండి. సగం కుంటుడు అక్కడే తగ్గుతుంది.

తమ్ముళ్ళూ, మీ మీద నమ్మకం లేక కాదు ఇదంతా. తప్పు మాది. చేయగలిగిన పనిని లేని వస్తువు పేరు చెప్పి వాయిదా వేశాం. వచ్చే ఆదివారం ఉదయం పదింటికి గది తెరుస్తాం. ఇంట్లో పనిచేసే వీసీఆర్ ఉన్నవాళ్ళు చెప్పండి, మేమే వచ్చి తీసుకెళ్తాం. మా లెక్కలో తప్పుంటే కింద రాయండి, దిద్దుకుంటాం.