పాత కారును కోయుట తగునా?

మోటారుకార్ల ప్రదర్శనములయందు రెండు తెగల బండ్లు కానవచ్చుచుండును. కర్మాగారమునుండి వెలువడిన నాటి రూపము చెడకుండ కాపాడబడినవి మొదటి తెగ. పాత బండిని తెచ్చి, కోసి, అతికి, ముందెన్నడు లేని ఆకృతిని కల్పించినవి రెండవ తెగ. నాలుగు తలుపుల కారు పైకప్పును వెనుక చివరదాక సాగించి, వెనుక తలుపులను పూడ్చి, రెండు తలుపుల స్టేషను వ్యాగనుగా మార్చుట ఈ రెండవ తెగ పనులలో మిక్కిలి కష్టమైనది. ఇట్టి పనిని మెచ్చువారును గలరు. పురాతన వస్తువును పాడుచేసిరని నిందించువారును గలరు. మా విద్యార్థులలో సైతము ఈ వాదము నడచుచుండుటచేత, మాకు తోచినది ఇచట వ్రాయుచున్నాము.

మొదట నిందించువారి మాటను విచారింతము. కంపెనీవారు ఇచ్చిన రూపమే అసలు రూపమనియు, దానిని తాకరాదనియు వారి పక్షము. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెసునకు పోయినవారు అచ్చట పసుపువన్నె రోల్సు రాయిసు కారును చూచియుందురు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున పురమాయింపబడి, ఆయన 1911లో గతించిన పిమ్మట ఈ దేశము చేరిన బండి యది. వెనుక ఆసనము సింహాసనమువలె ఎత్తుగా అమర్పబడియుండుటచే దానిని సింహాసనపు కారని పిలుచుచుందురు. దాని రూపమును నేడెవరైన మార్చబోయినచో ఊరంతయు గగ్గోలు పెట్టును; పెట్టుటయు న్యాయమే. కాని ఆ రూపము రోల్సు రాయిసువారిది కాదు. ఆ దినములలో వారు చట్రమును, ఇంజనును, యంత్రభాగములను మాత్రమే చేసి యిచ్చెడివారు. పై కట్టుబడిని లండనులోని బార్కరు కంపెనీవారు, కొనువాని కోరికను అనుసరించి, చేతిపనిగా నిర్మించిరి. ఒకానొకని ముచ్చటకై కట్టబడినదే కాలము గడచిన పిదప మనకు అసలు రూపమైనది. ఈ సంగతి నెరిగినవారు కోరి చేయించుకొన్న బండిని చూచినంతనే ముఖము చిట్లింపరాదు.

రెండు తలుపుల వ్యాగను కూడ నిన్న మొన్న పుట్టిన వింత కాదు. ఇంగ్లండు దేశమున వేటకు పోవు దొరలు తుపాకులను, కుక్కలను వెంట గొనిపోవుటకై తమ కార్లకు వెనుక పెట్టెవంటి కట్టుబడిని కట్టించుకొనెడివారు. 1953 మొదలు 1971 వరకు చేయబడిన మోరిసు మైనరు ట్రావెలరు బండికి వెనుక భాగమంతయు ఆష్ చెట్టు కర్రతో చేసిన చట్రమే. ప్రక్కలను రెండే తలుపులు. అమెరికాలో జనరల్ మోటార్సువారు 1954లో తమ ప్రదర్శనమునకై కార్వెట్టు పోలికతో నోమాడను రెండు తలుపుల వ్యాగను నొకదానిని నిర్మించిరి. చూచినవారు మెచ్చినందున ఆ పైకప్పు తీరును షెవ్రొలే కారునకు తగిలించి, 1955 మొదలు 1957 వరకు మూడేండ్లు అమ్మిరి. వెల యెక్కువగుటచే అంతగా అమ్ముడుపోలేదు. వెనుక తలుపు సందులనుండి వాననీరు లోనికి దిగుచుండెననియు చెప్పుదురు. నేడు ప్రదర్శనములలో జనము మూగునది ఆ బండి చుట్టునే!

ఇక మన దేశపు మాట. వరంగల్లులో ఈ పనికి తగిన పాతబండి యేదని యడిగినచో మేము అంబాసిడరునే చూపుదుము. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాయందు హిందుస్థాన్ మోటార్సువారు 1957 మొదలు 2014 వరకు దానిని చేసిరి. అది మోరిసు ఆక్సుఫర్డు మూడవ తరగతి బండికి మన దేశపు రూపము. ఆ ఆక్సుఫర్డు వంశములోనే కర్ర చట్రముతో రెండు ప్రక్కతలుపుల ట్రావెలరు బండ్లుండెను. హిందుస్థాన్ వారును కొంతకాలము నాలుగు తలుపుల ఎస్టేటు అంబాసిడరును చేసిరి. కావున అంబాసిడరును రెండు తలుపుల వ్యాగనుగా మార్చుట దాని వంశమునకు దూరమైన పని యనరాదు. ఒకప్పుడు కలెక్టరు కచేరీ ముందర తెల్లని అంబాసిడరు లేని దినము లేదు. రైలుస్టేషను ముందర టాక్సీలును అవే. ఇప్పుడు వెదకి చూడవలసియున్నది. 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి రద్దగు నియమము వచ్చుటతో, కచేరీల ఆవరణములలో చెట్లక్రింద మిగిలినవి సైతము తుక్కునకు పోవుచున్నవి. వాదమునకు ప్రాణము ఇచ్చటనే యున్నది. అట్టి బండ్లను ఇనుపతుక్కుగా కరగించుట మేలా, కొన్నిటినైన చేతిపనికి అప్పగించుట మేలా?

అప్పగింపవలయుననియే మా అభిప్రాయము. ఏలయనగా, ఆ పనిలో నున్న విద్య మిగుల గొప్పది. అంబాసిడరునకు లారీకివలె క్రింద వేరుగా బలమైన చట్రము లేదు. నేల, స్తంభములు, పైకప్పు అన్నియు ఒక్కటిగా కలసి బరువును మోయును. రెండు తలుపుల నడిమి స్తంభమును అనాలోచితముగా కోసినచో బండి నడుము వంగిపోవును. అందుచేత తెలిసిన టింకరు మేస్త్రీ రంపము పట్టుటకు ముందు లోపల ఇనుప గొట్టములను అడ్డముగను, ఐమూలగను వెల్డింగుచేసి బిగించును. పిమ్మట తలుపు మరల సరిగా పడుచున్నదా యని చూచును. అది పడకున్న కోత ఆగిపోవలసినదే. ముందు తలుపును పొడిగింపక తప్పదు. లేనిచో వెనుక కూర్చుండువారు లోనికి పోజాలరు. తలుపు పొడుగైన కొలది బరువెక్కి, బందులమీద వ్రేలాడి, కొన్నాళ్లకు క్రుంగును. కావున స్తంభమును వెనుకకు జరుపుటయే కాక, బందులు పట్టుచోట లోపల మందపు రేకు వేసి బలపరుపవలయును.

రేకును రేకుతో అతుకుటలో మరియొక చిక్కు గలదు. వేడి తగిలిన పలుచని రేకు సాగి, చల్లారినంతనే ముడుచుకొని, అప్పడమువలె వంకర పోవును. పనివాడు ఒకేసారి గీతగా అతుకక, ఇచ్చట ఒక చుక్క, జానెడు దూరమున మరియొక చుక్క వేయుచు, నడుమ నడుమ చల్లారనిచ్చుచు, లోపల ఇనుపదిమ్మె పట్టి పైన సుత్తితో సవరించుకొనుచు పోవును. పైకప్పు వంటి విశాలమైన భాగమున ఈ ఓరిమి లేనివాని పని ఎండలో చూచినంతనే తెలిసిపోవును. లోపమును పుట్టీతో కప్పవచ్చును గాని, మందముగా పూసిన పుట్టీ బండి కుదుపులకు రెండేండ్లలో పగులును. ప్రక్క అద్దములును ఇట్టివే. గట్టిపరచిన అద్దమును తరువాత కోయుటకు వీలులేదు. కోయబోయిన గింజలుగా రాలిపోవును. కావున ముందుగా కొలతయిచ్చి చేయించుకొనవలయును. ఒక హెచ్చరిక కూడ వ్రాయక తప్పదు: అంబాసిడరు పెట్రోలు తొట్టి వెనుకనే యుండును. ఖాళీయేగదా యని దానిని విప్పకుండ వెల్డింగు దీపమును దగ్గరకు తెచ్చిరేని, అందు మిగిలిన ఆవిరి నిండు తొట్టికంటె భయంకరముగా ప్రేలును.

ఈ పని మన సీమకు పరాయిది కాదు. జనగామ దగ్గరి పెంబర్తి గ్రామమున ఇత్తడిరేకును లక్కవంటి మెత్తని పట్టుపై నిలిపి, సుత్తితోను ఉలులతోను కొట్టి బొమ్మలను తేల్చు శిల్పులు కాకతీయుల నాటినుండి గలరని ప్రసిద్ధి. దేవాలయముల తలుపులకు, వాహనములకు తొడిగిన రేకులు వారి చేతివే. ఎచ్చట కొట్టిన రేకు సాగునో, ఎచ్చట ఆపకున్న చిరుగునో వారి వ్రేళ్లకు తెలియును. ఆటోనగరు షెడ్డులలో నలిగిన మడ్‌గార్డును గంటలో సరిచేయు మేస్త్రీకి తెలిసినదియు అదే విద్య. మొదటిదానిని కళ యనుచున్నాము. రెండవదానిని కూలి యనుచున్నాము. ఈ భేదము మాకు బోధపడుట లేదు. పైభాగము ఎంత తేలికగా నుండిన అంత మేలన్న సూత్రమును రామప్పగుడి కట్టినవారు 1213 నాటికే యెరిగి, శిఖరమునకు నీటిపై తేలు ఇటుకలను వాడిరి. వ్యాగను పైకప్పును సాగించువాడును ఆ సూత్రమునే పాటింపవలయును. ఎత్తున బరువు పెరిగినచో మలుపులలో బండి ప్రక్కకు ఒరుగును.

అయినను మేము కోతకు హద్దులు పెట్టుచున్నాము. చెడని బండిని కోయరాదు. తొలినాటి భాగములతో నిలిచి, ఇంజను తిరుగుచు, రేకు గట్టిగానున్న అంబాసిడరును గాని, ఫియటును గాని ముచ్చటకై కోయువానిని మేము సమర్థింపజాలము. అట్టివి దినదినము తగ్గుచున్నవి. కోసినదానిని మరల వెనుకటి రూపునకు తెచ్చుట కలలోని మాట. నేల తుప్పుతిని, వెనుక తలుపులు చిల్లులుపడి, తుక్కు వర్తకుని తక్కెడ కెక్కబోవు బండియే ఈ పనికి తగినది. హైదరాబాదు బహదూరుపురాలో 2010లో తెరువబడిన సుధా కార్ల ప్రదర్శనశాలను చూచినవారికి మా యుద్దేశము తేటపడును. శ్రీ కె. సుధాకర్ గారు పాత ఇనుమును, పారవేసిన భాగములను కూర్చి బంతి, చెప్పు, కలము మొదలగు ఆకారములతో బండ్లు కట్టిరి. 2005లో నలుబది అడుగులకు మించిన ఎత్తుగల మూడు చక్రముల సైకిలును నిర్మించి గిన్నిసు పుస్తకమున కెక్కిరి. చెప్పు ఆకారపు కారు అందమైనదా యని మమ్మడిగిన ఊరకుందుము. కాని అందునిమిత్తము మంచి పాతబండి యేదియు బలికాలేదుగదా!

చట్టమును కూడ విద్యార్థులు తెలిసికొనవలయును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, తయారుచేసినవారు ఇచ్చిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టువారు దీనిని గట్టిగా నొక్కి చెప్పిరి. 2021 జూలైలో వచ్చిన నియమముల ప్రకారము, 50 ఏండ్లు దాటి, చట్రము, కట్టుబడి, ఇంజనులయందు పెద్దమార్పు లేని బండ్లకే వింటేజి రిజిస్ట్రేషను లభించును. కోసిన వ్యాగనునకు ఆ గౌరవము లేదు. అది రోడ్డుపై పరుగెత్తుటకు కాదు, లారీపై ఎక్కించుకొనిపోయి ప్రదర్శనమున నిలుపుటకే. ఇది అన్యాయమని కొందరు యువకులు వాపోవుచున్నారు. మాకట్లు తోచదు. నడిమి స్తంభము తీసిన బండి ఎదురు లారీని తాకినప్పుడు ఏమగునో పరీక్షించినవారెవరును లేరు; ఇతరుల పిల్లలు నడచు దారిలో ఆ పరీక్ష జరుగరాదు.

తలిదండ్రులతో ఒక మాట. మీ కుమారుడు సెలవులలో షెడ్డునకు పోయి రేకుపని చూచుచున్నాడని తెలిసిన కోపింపకుడు. కొలత, కోణము, బరువు, వేడికి లోహము వ్యాకోచించుట మొదలైనవి మేము నల్లబల్లపై చెప్పునవే అచ్చట వాని చేతి కందుచున్నవి. కన్నులకు అద్దములు, కాళ్లకు జోళ్లు ఉన్నవో లేవో మాత్రము చూడుడు. మన పట్టణమున 1959లో నెహ్రూగారు శంకుస్థాపనచేసిన ఇంజనీరింగు కళాశాల యుండగా, తుక్కునకు పోవు అంబాసిడరు నొకదానిని తీసికొని, ఆచార్యులు లెక్కగట్టగా, మేస్త్రీలు కొట్టగా, విద్యార్థులు అందీయగా ఏల వ్యాగనుగా మార్చరాదు?

అట్టి బండి యెప్పటికైన ప్రదర్శనమునకు వచ్చినచో దాని ప్రక్కన ఒక పలక నిలుపవలయును. అది మొదట ఏ సంవత్సరపు బండియో, ఏయే భాగములు కోయబడెనో, ఏవి క్రొత్తగా చేయబడెనో దాచక అందు వ్రాయవలయును. టింకరు మేస్త్రీ పేరు మాత్రము బండి యజమాని పేరుకంటె పైన ఉండవలయునని మా కోరిక.