పడుపు వృత్తి: నీతి సమస్యా, జీవిక సమస్యా?

మా సంఘ సభ్యుడైన ఒక పోస్టుమాన్ చాలా ఏళ్ల క్రితం చెప్పిన సంగతి మేము నేటికీ మరువలేదు. అనంతపురం జిల్లాలోని ఒక కరువు గ్రామంలో ఆయన ప్రతినెలా ఒక వృద్ధురాలికి బొంబాయి మనియార్డరు బట్వాడా చేసేవాడు. పంపేది ఆమె కూతురు. కూతురు అక్కడ ఏమి చేస్తున్నదో ఊరందరికీ తెలుసు. ఆ సొమ్ముతో తమ్ముడి చదువు సాగింది, బోరుబావి అప్పు తీరింది, చివరకు గుడి మరమ్మతుకు చందా కూడా వెళ్లింది. ఆ చందా పుచ్చుకున్న పెద్దలే, ఉగాదికి ఆమె ఊరికి వస్తే తమ వీధిలో అడుగు పెట్టరాదన్నారు. డబ్బుకు అంటని మైల మనిషికి ఎలా అంటిందని ఆ పోస్టుమాన్ మమ్మల్ని అడిగాడు.

ఆ ప్రశ్నకు కార్మికోద్యమం కూడా సమాధానం చెప్పవలసి ఉన్నది. కరువు భత్యం, పెన్షను, ఖాళీల భర్తీ వంటి సమస్యలుండగా సంఘ పత్రికలో ఈ విషయానికి చోటెందుకని కొందరు మిత్రులు అడగవచ్చును. శ్రమించి బతికే అవకాశం లేని చోట మనిషి చివరకు తన శరీరాన్నే అమ్ముకోవలసి వస్తుంది. పనికీ, వేతనానికీ, అప్పుకూ సంబంధించిన ఈ విషయం మనది కాకపోతే మరెవరిది?

అనంతపురం ప్రాంతాన్నే తీసుకుందాం. అక్కడ ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ఎండిపోతే రైతు అప్పులపాలవుతాడు, కూలీకి పని పోతుంది. భర్త వలస పోయిన ఇంట్లో, భర్త మరణించిన లేదా విడిచిపెట్టిన ఇంట్లో, పిల్లల భారమంతా స్త్రీ మీద పడుతుంది. బొంబాయిలో ఇంటిపని, పూనాలో మంచి జీతం అంటూ తెలిసిన ముఖమే గుమ్మంలోకి వస్తుంది. చేతిలో కొంత అడ్వాన్సు పెడుతుంది. కదిరి పరిసరాల నుంచి బొంబాయి, పూనా, ఢిల్లీ వేశ్యావాటికలకు స్త్రీలు తరలింపబడిన వైనం ఎన్నోమార్లు వెలుగులోకి వచ్చింది. ఇక తెలంగాణలోని నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో దళిత బాలికలను జోగినులుగా మార్చి, దేవుని పేరిట ఊరి పెత్తందార్ల పాలు చేసిన ఆచారం ఉండనే ఉన్నది. దేవదాసీ అంకితాన్ని మద్రాసు రాష్ట్రం 1947లోనూ, ఆంధ్రప్రదేశ్ 1988లోనూ చట్టం ద్వారా నిషేధించాయి. చట్టం ఆచారాన్ని నిషేధించగలిగింది గాని, ఆ బాలిక తల్లిదండ్రులకు భూమి ఇవ్వలేదు.

"ఎవరు పొమ్మన్నారు? ఇష్టపడే పోయింది కదా!" అనే మాట తరచుగా వింటాం. రెండు దారులున్న చోట ఒకటి ఎంచుకున్నవారికే ఇష్టాయిష్టాల మాట వర్తిస్తుంది. ఇటుక బట్టీలో అడ్వాన్సుకు కట్టుబడి కుటుంబమంతా చాకిరీ చేయడం ఒక దారి, పస్తులుండడం మరొక దారి, ఇది మూడవ దారి అయినప్పుడు, ఆమె అంగీకారం గురించి తీర్పు చెప్పే అర్హత మనకు లేదు.

మన ఇండ్ల వైపే ఒకసారి చూసుకుందాం. శాశ్వత రైల్వే ఉద్యోగి విధి నిర్వహణలో మరణిస్తే అతని భార్యకు కుటుంబ పెన్షను వస్తుంది, కారుణ్య నియామకానికి అవకాశముంటుంది. అదే ప్లాట్‌ఫారం మీద చీపురు పట్టిన కంట్రాక్టు కార్మికుడు మరణిస్తే? కారుణ్య నియామకం లేదు. కంట్రాక్టరు భవిష్యనిధి సక్రమంగా కట్టి ఉంటే, 2014లో నిర్ణయించిన కనీస పెన్షను నెలకు 1000 రూపాయలు. కట్టకుంటే అదీ లేదు. గ్రామీణ డాక్ సేవకులకు శాశ్వత ఉద్యోగుల పెన్షను నేటికీ లేదు. మన ఇల్లాలికీ, మనం చిన్నచూపు చూసే ఆ స్త్రీకీ మధ్య నిలిచిన గోడ శీలం కాదు, పెన్షను కాగితం. ఆ కాగితాన్ని ఎవరూ దయతలచి మనకు ఇవ్వలేదు. మన పెద్దలు పోరాడి సాధించారు. 1974 మే సమ్మెలో వేలాదిమంది ఉద్యోగాలు కోల్పోయినప్పుడు ఆ కుటుంబాలకు అండగా నిలిచింది సంఘమే. ఏ సంఘమూ లేని స్త్రీకి అండ ఎవరు?

చట్టం ఎవరి వైపు ఉన్నదో పరిశీలిద్దాం. 1956 నాటి చట్టం, 1986 సవరణ తరువాత, వ్యభిచారాన్ని నేరమనలేదు. వేశ్యాగృహం నడపడాన్నీ, బహిరంగంగా విటులను పిలవడాన్నీ నేరమన్నది. అలా పిలిచిన నేరానికి స్త్రీకి 6 నెలల దాకా జైలు, పురుషునికి 3 నెలలే. ఆమె సంపాదనపై తెలిసి బతికే 18 ఏళ్లు దాటిన ఎవరినైనా శిక్షించవచ్చును. దళారీని ఉద్దేశించిన ఈ సెక్షను ముసలి తల్లినీ, చదువుకునే కొడుకునూ కూడా చుట్టుకోగలదు. దాడి చేసి "రక్షించిన" స్త్రీ హోములో కొన్ని నెలలు గడిపి బయటకు వచ్చేసరికి అప్పు వడ్డీతో సహా ఎదురుచూస్తూ ఉంటుంది. అప్పు కింద కట్టుబడిన చాకిరీ వెట్టిచాకిరే, దానిని 1976 చట్టం రద్దు చేసింది. 2016 పునరావాస పథకం వేశ్యాగృహాల నుంచి విడుదలైన వారికి 3 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. కాని పూర్తి మొత్తాన్ని నిందితుని శిక్షతో ముడిపెట్టింది. కోర్టు తీర్పు వచ్చేవరకు ఆకలి ఆగుతుందా?

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మన రైళ్లు నిలిచినప్పుడు ఈ స్త్రీల సంపాదన కూడా ఒక్కసారిగా నిలిచిపోయింది. చాలామందికి రేషను కార్డు లేదు. గుర్తింపు పత్రాలు అడగకుండా వారికి బియ్యం, పప్పు ఇవ్వవలసిందిగా ఆ ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. 2022 మే 19న అదే న్యాయస్థానం, రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన గౌరవప్రదమైన జీవితం వీరికీ వర్తిస్తుందని స్పష్టం చేసింది. నివాస రుజువు లేకున్నా, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ గెజిటెడ్ అధికారి లేదా రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్టు డైరెక్టరు ధ్రువపత్రంపై ఆధార్ ఇవ్వాలన్నది. వృత్తిని తెలిపే సంకేతమేదీ కార్డుపై ఉండరాదన్నది.

ఈ వృత్తిని శ్రమగా గుర్తించాలనేవారున్నారు, దోపిడీగా చూసి అంతమొందించాలనేవారున్నారు. మాలోనూ ఈ భేదాభిప్రాయం ఉన్నదని దాచము. అయితే వాదన తేలేవరకు ఆమె పస్తుండనవసరం లేదు. కలకత్తా సోనాగాచీ స్త్రీలు 1995లో స్వంత సహకార సంఘం పెట్టుకోబోతే, సభ్యులకు సత్ప్రవర్తన ఉండాలనే నిబంధన అడ్డువచ్చింది. పోరాడి ఆ అడ్డు తొలగించుకొని వడ్డీ వ్యాపారి పట్టునుంచి ఎందరో బయటపడ్డారు. సంఘటిత శక్తి ఏమి చేయగలదో మనకు వేరే చెప్పనక్కరలేదు.

మిత్రులారా, మన వంతు కర్తవ్యం మన చేతుల్లోనే ఉన్నది. అనేక పోస్టాఫీసులలో ఆధార్ కౌంటరు నడుస్తున్నది. ఆ ధ్రువపత్రంతో వచ్చిన స్త్రీని అనవసర ప్రశ్నలు వేయక, గొంతు పెంచక, పని చేసిపంపండి. సేవింగ్స్ ఖాతా తెరిపించండి. ఆ ఖాతాయే ఆమెకు వడ్డీ వ్యాపారితో పనిలేకుండా చేసే మొదటి మెట్టు. రైలులో, స్టేషనులో భయపడుతూ, ఎక్కడికి పోతున్నదో చెప్పలేని బాలిక కనిపిస్తే 139కు లేదా 1098కు తెలపండి. రైల్వే రక్షణ దళం 2022లో ఇందుకు ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది. అయితే ఒంటరిగా పనికోసం పోయే ప్రతి స్త్రీనీ అనుమానించి నిలదీయడం సేవ కాదు, మరొక వేధింపు.

సంఘాలుగా మనం చేయవలసింది ఇంకా పెద్దది. కంట్రాక్టు కార్మికుని భవిష్యనిధి ప్రతినెలా జమ అవుతున్నదో లేదో ప్రతి బ్రాంచి పరిశీలించాలి. మరణించిన కంట్రాక్టు కార్మికుని భార్యకు అదే పనిలో ప్రథమావకాశం కోరాలి. డాక్ సేవకుల పెన్షను మన కోర్కెల పత్రంలో చివరి అంశంగా మిగిలిపోరాదు. ఇవి సాధించిన చోట, తెలిసిన ముఖం అడ్వాన్సుతో గుమ్మంలోకి వచ్చినా, ఆ తల్లి "వద్దు" అనగలుగుతుంది. వద్దనగలిగే శక్తిని ఆమెకు కల్పించకుండా ఆమె నీతిని గురించి మాట్లాడే హక్కు మనకు లేదు.