తెగుళ్లకు లొంగని జాతులు

తెగులు సోకిన పిమ్మట మందులకై పరుగిడుట మన రైతునకు విధిలిఖితమా? కాదని సాంబమసూరి చరిత్రయే చెప్పుచున్నది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన ఈ వరి, సన్నని గింజచేతను రుచిచేతను తెలుగునాడు దాటి వ్యాపించెను. కాని బాక్టీరియా ఎండాకు తెగులునకు ఇది సులభముగ లొంగిపోవును. ఆ తెగులు ప్రబలిన పిదప దానిని పూర్తిగ నణచగల మందు లేదు.

ఈ కొఱతను తీర్చినవి మన ప్రభుత్వ పరిశోధనాలయములే. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.యు, వరి పరిశోధన సంస్థయు గలసి, తెగులును నిరోధించు మూడు జన్యువులను సంకరణముచే సాంబమసూరిలోనికి దెచ్చి, 2008లో మెఱుగుపఱచిన రకమును విడుదల చేసినవి. మూడేల యని యడుగవచ్చును. తెగులు గలిగించు సూక్ష్మజీవియు మాఱుచుండును. ఒక్క జన్యువును నమ్మిన పైరును అది కొన్ని యేండ్లలో జయింపగలదు. మూడింటిని ఒక్కపెట్టున దాటుట దుష్కరము.

ఆ మూడింటిలో నొకటి ఆఫ్రికాయందలి మాలీ దేశపు అడవివరినుండి లభించినది. అంతకు బూర్వము ఆసియా వరిపైరులను గిడసబార్చిన యొక వైరసు తెగులునకు విరుగుడు వెదకుచు, ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు ఆఱువేలకు పైగా రకములను పరీక్షింపగా, ఉత్తరప్రదేశపు అడవివరి యొక్కటియే యక్కఱకు వచ్చెను. కలుపుమొక్కయని త్రోసివేయదగినది కోట్లమంది యన్నమును గాపాడినది. అట్టి మొక్క నశించిన పిదప దానిని తిరిగి సృష్టించు విద్య మనకు లేదు.

పశువుల విషయమును ఇట్టిదే. ఎండను, పిడుదులను ఓర్చుకొను ఒంగోలు జాతిని బ్రెజిలు దేశీయులు పందొమ్మిదవ శతాబ్దముననే కొనిపోయిరి. నేడు అచటి మాంసపశువులలో అధికభాగము నెల్లూరు పేర ‘నెలోర్’ అని పిలువబడు సంతతియే. మనమో, పాలకొఱకు జెర్సీ, హోల్‌స్టీన్ సంకరములను ప్రోత్సహించితిమి. పాలు పెరిగినమాటయు, పేదయింట నాలుగు రూకలు చేరినమాటయు సత్యమే. కాని పిడుదులు వ్యాపింపజేయు థైలేరియా జ్వరమునకు దేశవాళి పశువులకంటె సంకరపశువులు సులభముగ లొంగుచున్నవి. ఆవు చచ్చినచో పాలలెక్క యేమగును? లీటర్లను మాత్రమే కాక, రోగమునకు తాళుకొను శక్తినిగూడ జాతి యభివృద్ధికి కొలమానముగ గైకొనవలెను.

కావున ప్రభుత్వములను మేము కోరునవి రెండు. ప్రభుత్వ పరిశోధనాలయములు సిద్ధపఱచిన విత్తనము ప్రతి గ్రామమునకు శుద్ధముగ నందవలెను. నాటురకములను, దేశవాళి పశువులను పోషించు రైతునకు తగిన ప్రతిఫలము ముట్టవలెను. పంటరకములను సంరక్షించిన రైతునకు గుర్తింపును, పారితోషికమును 2001 నాటి చట్టమే యొసగియున్నది. పశువులను పోషించువానికిని అట్టి యాదరమే చెల్లవలెను. రేపటి తెగులు ఏదో నేడెవ్వరికిని దెలియదు. దాని విరుగుడు ఏ పేదవాని చేనిలో, ఏ కొట్టములో నున్నదో అదియు దెలియదు. అందుచేతనే వానిలో నేదియు మనము పోగొట్టుకొనరాదు.